సీరియల్ నంబరులో ‘డి’ ఉంటే డూప్లికేట్ అయిపోదు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా మేనమామ ఓడల్లో పనిచేసేవారు. 1974లో సింగపూర్‌లో కొన్న పసుపు డయల్, స్టాప్‌వాచీ కూడా ఉన్న సీకో చేతివాచీని, ఆయన పోయాక అత్తయ్య నాకిచ్చింది. గ్లాసు నిండా గీతలు. గ్లాసు చుట్టూ ఉన్న నీలం, ఎరుపు రింగులో (బెజెల్ అంటారట) ఎరుపు వెలిసి గులాబీ రంగుకు తిరిగింది. డయల్ అంచున నాలుగైదు మచ్చలున్నాయి. వెనక మూత మీద 6139-6002 అనీ, వేరేగా 3డి అని మొదలయ్యే నంబరూ ఉన్నాయి. బరంపురంలో పాత వాచీలమ్మే ఒకాయనకు చూపించాను. ‘నంబరు మధ్యలో అక్షరం ఉండదు, ఇది డూప్లికేట్. సర్లెండి, ఇది నాకిచ్చి పైన 12,000 రూపాయలు కట్టండి, అంతరిక్షంలోకి వెళ్లిన అసలు మోడల్ ఇస్తాను’ అన్నాడు. అతని వాచీ నిన్న కొన్నట్టు మెరుస్తోంది. దాని ఫొటోలు తీసుకున్నాను. డయల్ మీద ‘వాటర్ 70 ఎం ప్రూఫ్’ అని, వెనక అదే 6139-6002, నంబరు 68తో మొదలు. ఈ రెండిటినీ ఎలా పోల్చాలి? మార్చుకోమంటారా?

సమాధానం:

మార్చుకోకండి. ముందు ఫోన్ తీసి ఆయనకు ‘వద్దులెండి’ అని చెప్పేసి, తర్వాత తీరిగ్గా మిగతాది చదవండి.

మీ టెన్షన్ అంతా ఆ ‘డి’ దగ్గర మొదలైంది కాబట్టి దాన్ని ముందు తేల్చేద్దాం. సీకో వాళ్లు ఆ కాలంలో వేసిన నంబర్లలో మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె. రెండోది నెల. జనవరికి 1, ఫిబ్రవరికి 2, అలా సెప్టెంబరుకు 9 దాకా ఇబ్బంది లేదు. నెలకు ఒక్క గడే ఉంది, మరి పది, పదకొండు, పన్నెండు అందులో ఎలా పడతాయి? అందుకని అక్టోబరుకు ‘ఓ’, నవంబరుకు ‘ఎన్’, డిసెంబరుకు ‘డి’ పెట్టారు. మీ మావయ్యగారి వాచీ డిసెంబరులో పుట్టిందన్నమాట. ఏ డిసెంబరు? మూత మీది 6139 అనేది లోపలి మెషిన్ నంబరు. ఈ మెషిన్ 1969లో బజారుకొచ్చి, 1970ల చివరికి ఆగిపోయింది. కనక 3 అంటే 1973 తప్ప ఇంకోటి కావడానికి వీల్లేదు. 1973 డిసెంబరులో జపాన్‌లో తయారైన వాచీ 1974లో సింగపూర్ షాపులో ఉండటంలో వింతేముంది? ఫ్యాక్టరీ చెప్పిన మాట, మీ ఇంట్లో చెప్పుకుంటున్న మాట ఒక్కటే అయ్యాయి. కలెక్టర్లు ఇలాంటి పొంతన దొరికితే పండగ చేసుకుంటారు.

ఆయనకు నిజంగా తెలియకే అన్నాడో, తెలిసే అన్నాడో నేను చెప్పలేను. ఒక్కటి మాత్రం అడగాలనిపిస్తోంది. డూప్లికేట్ అంటూనే దాన్ని తీసుకోవడానికి చెయ్యి చాపాడేమిటి?

ఇక పోలిక సంగతి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరివారు మీరు, మీకు ఈ పద్ధతిలో చెబితే చప్పున అందుతుంది. ఒకే కావ్యానికి నాలుగు తాళపత్ర ప్రతులు దొరికితే పండితులు పక్కపక్కన పెట్టుకుని చదువుతారు. ఒక ప్రతిలో ఒక మాట, ఇంకో ప్రతిలో దాని బదులు మరో మాట ఉంటే అది పాఠభేదం. మధ్యలో ఎవరో తర్వాతి కాలంవాడు సొంత పద్యం చొప్పించి ఉంటే అది ప్రక్షిప్తం. వాచీల్లోనూ అంతే. ఫ్యాక్టరీయే కాలాన్ని బట్టి, అమ్మే దేశాన్ని బట్టి మార్చినది పాఠభేదం. రిపేరు బల్ల మీద ఎవరో మార్చినది ప్రక్షిప్తం. మొదటిదాన్ని చూసి భయపడి, రెండోదాన్ని చూసి మురిసిపోవడం దగ్గరే కొత్త కలెక్టర్ల డబ్బు పోతుంది. నాదీ పోయింది, ఆ కథ తర్వాత చెబుతాను.

మీ పసుపు సీకో కుటుంబంలో పాఠభేదాలకు కొదవ లేదు. జపాన్‌లో అమ్మినవాటి డయల్ మీద ‘స్పీడ్ టైమర్’ అని ఉంటుంది, వారం పేరు జపాన్ లిపిలో కూడా వస్తుంది. బయటి దేశాలకు పంపినవాటి మీద ‘క్రోనోగ్రాఫ్ ఆటోమేటిక్’ అని ఉంటుంది. కొన్ని మెషిన్లలో 17 జ్యువెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు), కొన్నిటిలో 21. రెండూ అసలువే. పసుపు, నీలం, వెండి రంగు డయల్స్ మూడూ అసలువే. అమెరికాకు వెళ్లినవాటి వెనక 6139-6005 అని, మిగతా దేశాలకు వెళ్లిన చాలావాటి వెనక మీదానిలా 6139-6002 అని ఉంటుంది. డయల్ అడుగు అంచున చీమ తలకాయంత అక్షరాలతో ఇంకో నంబరుంటుంది, భూతద్దం పెట్టి చూడండి. దాని చివరి అంకెలు మూత మీది అంకెలతో కలవకపోతే బెంగపడొద్దు. అది డయల్ నంబరు, ఇది కేస్ నంబరు, అంటే బయటి లోహపు డొల్లది. అసలు ఆ చిన్న అక్షరాలే లేకపోతే మాత్రం అనుమానించాలి. తిరగరాసిన డయల్స్ మీద చాలాసార్లు గల్లంతయ్యేవి అవే.

అన్నిటికంటే ముఖ్యమైన పాఠభేదం నీళ్ల సంగతి. మొదట్లో, అంటే 1969, 70 ప్రాంతంలో డయల్ మీద ‘వాటర్ 70 ఎం ప్రూఫ్’ అని రాశారు. తర్వాత ‘ప్రూఫ్’ తీసేసి ‘రెసిస్ట్’ అన్నారు. ఆ తర్వాత డయల్ మీద ఆ ముక్కే ఎత్తేశారు. మీ ఉత్తరంలో మావయ్యగారి డయల్ మీద నీళ్ల మాట ఉన్నట్టు రాయలేదు. నిజంగా లేకపోతే 1973 చివరి వాచీకి అది సరిపోయేదే.

ఇప్పుడు ఆ వ్యాపారి వాచీని ఇదే కొలతతో చూడండి. వెనక నంబరు 68, అంటే 1976 ఆగస్టు. 1966 అనుకోవడానికి లేదు, అప్పటికి ఈ మెషినే పుట్టలేదు. డయల్ మీద మాత్రం ‘ప్రూఫ్’! మూత ఒక కాలం మాట చెబుతోంది, డయల్ దానికి ఆరేళ్ల ముందు మాట చెబుతోంది. ఫ్యాక్టరీలో మిగిలిపోయిన డయల్ కొన్ని నెలలు ఆలస్యంగా వాడారంటే ఎవరూ తప్పు పట్టరు. ఆరేళ్లంటే ఎలా నమ్మడం? పాత వాచీ డయల్ తెచ్చి ఇందులో పెట్టి ఉండాలి, లేదా ఈమధ్య అచ్చు వేసిన కొత్త డయల్ అయినా అయ్యుండాలి. నా ఓటు రెండోదానికే. ఎందుకంటారా? మీరు రాసిన ‘నిన్న కొన్నట్టు’ అనే మాట వల్ల. యాభై ఏళ్లలో గ్లాసు మార్చొచ్చు, చెయిన్ మార్చొచ్చు. డయల్, బెజెల్, ముళ్లు మూడూ ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయంటే, అది ఎప్పుడూ పెట్టె తియ్యని వాచీ అయ్యుండాలి. అలాంటిదాన్ని మీ వాచీకి, పైన 12,000 రూపాయలకు ఎవరూ ఇవ్వరు.

అంతరిక్షం కథ కూడా సగమే నిజం. విలియం పోగ్ అనే అమెరికా వ్యోమగామి స్కైలాబ్-4 యాత్రకు పసుపు డయల్ 6139ను వెంట తీసుకెళ్లిన మాట వాస్తవం. అందుకే ప్రపంచమంతా ఈ పసుపు వాచీని ‘పోగ్’ అంటోంది. కానీ ఆయన పెట్టుకున్నది 6139-6005. వ్యాపారి చేతిలో ఉన్నది, మీ చేతిలో ఉన్నది రెండూ 6002లే, దాని తోబుట్టువులు. ఆ మాటకొస్తే పోగ్ పైకి వెళ్లింది 1973 నవంబరు 16న, దిగింది 1974 ఫిబ్రవరి 8న. మొత్తం 84 రోజులు. ఆయన భూమి చుట్టూ తిరుగుతున్న నెలలోనే మీ మావయ్యగారి వాచీ తయారైంది. దీనివల్ల ధర ఒక్క రూపాయి కూడా పెరగదనుకోండి. నాకు మాత్రం భలే నచ్చింది.

పేరుకు ధర ఎంత పలుకుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. రోలెక్స్ డేటోనాలో ఒక రకం డయల్‌కు హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ పేరు స్థిరపడింది. ఆయన సొంత వాచీని 2017 అక్టోబరులో న్యూయార్క్‌లో వేలం వేస్తే కోటీ 77 లక్షల డాలర్లు దాటింది. అక్కడ డయల్ రకం ఉంది, పేరుంది, దాని వెనక ఆ మనిషి చెయ్యీ ఉంది. మన బజార్లో పేరొక్కటే అమ్ముతారు. తేడా ఎంత చిన్నదానిలో ఉంటుందో చూడాలంటే ఒమేగా స్పీడ్‌మాస్టర్ బెజెల్ చూడాలి. 1970 ప్రాంతం దాకా 90 అంకె దగ్గరి చుక్క దాని పైన ఉండేది, తర్వాత పక్కకు జరిగింది. ఆవగింజంత చుక్క అటు ఇటు అయినందుకు కలెక్టర్లు ఇప్పటికీ రాత్రుళ్లు నిద్ర మానేసి వాదించుకుంటారు.

సరే, చేతిలో పెట్టుకుని ఎలా చూడాలో చెబుతాను. ట్యూబులైటు కింద వద్దు. పొద్దున్నే తూర్పు కిటికీ దగ్గర కూర్చోండి. వాచీని మెల్లగా అటూ ఇటూ వంచండి. అసలు పసుపు డయల్ ఒక్క రంగులో ఉండదు. మధ్య నుంచి కిరణాల్లా సన్నటి గీతలుంటాయి, వెలుతురు పడ్డవైపు బంగారంలా, ఆ పక్క పాత ఇత్తడిలా కనిపించి, వంచిన కొద్దీ ఆ వెలుగు చుట్టూ తిరుగుతుంది. కొత్తగా అచ్చేసిన డయల్స్‌లో చాలావాటికి ఈ తిరుగుడు ఉండదు. నిమ్మపండు రంగు గోడకు వేసినట్టు బల్లపరుపుగా ఉంటుంది. మచ్చలున్నా మీదాన్లో ఈ వెలుగు తిరిగితే మచ్చల సంగతి మర్చిపోండి. ఓడ మీద ఉప్పుగాలి, ఇంటికొస్తే వానాకాలం చెమ్మ, ఆ మాత్రం మచ్చలు పడకపోతేనే ఆశ్చర్యం. నేనుండేదీ బరంపురంలోనే, మా ఇంటికి గోపాలపురం సముద్రం పదిహేను కిలోమీటర్లే. బీరువాలో పెట్టిన వాచీలకు కూడా ఈ గాలి తగులుతుంది.

తర్వాత కేస్ అంచులు చూడండి. పైభాగాన సన్నటి గీతల పని ఉంటుంది, పక్కలు నున్నగా మెరుస్తాయి, రెండూ కలిసేచోట గీత గీసినట్టు పదునైన అంచు ఉండాలి. గోరు పెట్టి రాస్తే తగలాలి. అంచు తెలియకుండా సబ్బుబిళ్లలా జారిపోతే ఎవరో మెరుగు పెట్టే బఫ్ చక్రం మీద పెట్టేశారని అర్థం. మీ ఊరి కొమ్ము పనివాళ్లు చేసిన కొంగను చూడండి, ఎంత రుద్దితే అంత ప్రాణం వస్తుంది. వాచీకి సరిగ్గా తలకిందులు. రుద్దిన ప్రతిసారీ స్టీలు కొంచెం పోతుంది, పోయింది మళ్లీ రాదు.

నా కథ ఇక్కడిదే. చాలా ఏళ్ల కిందట నాకొక సిటిజెన్ ‘బుల్‌హెడ్’ దొరికింది. బటన్లు పక్కన కాకుండా ఎద్దు కొమ్ముల్లా పైన ఉంటాయి, లోపల 8110 మెషిన్. డయల్ కొంచెం మసకబారింది, అంతే. సర్వీసింగుకు ఒక షాపులో ఇచ్చి ‘బాగా చెయ్యండి’ అన్నాను. ఆ రెండు మాటలే నా కొంప ముంచాయి. వారం తర్వాత వెళ్తే, అద్దంలా మెరుస్తున్న కేస్, మీద కొత్త పెయింటు వేసిన డయల్! బ్రాండు పేరులో అక్షరాలు ఒకదానికొకటి దూరం పాటించడం లేదు, నిమిషాల గీతలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. ‘చూశారా సార్, ఎలా తయారు చేశానో’ అని ఆయన మురిసిపోతున్నాడు. ఏమనగలను? డబ్బులిచ్చి వచ్చేశాను. ఆ వాచీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, టైము బాగానే చూపిస్తుంది, ఎవరికీ చూపించబుద్ధి కాదు.

మెషిన్ పరీక్ష కూడా సులువే, కాకపోతే ఎక్కువసార్లు చెయ్యకండి. లోపల నూనె ఎండిపోయి ఉంటే పళ్లు అరుగుతాయి. ఈ మెషిన్ కీ (పక్కనున్న చిన్న బుడిపె) ఇస్తే ఎక్కదు, చేతి కదలికకే ఎక్కుతుంది. కీ తిప్పితే డయల్ చుట్టూ ఉన్న పసుపు రింగు తిరుగుతుంది. అది తిరగాలి, చాలా పాత వాచీల్లో జారిపోతూ ఉంటుంది. కీ సగం నొక్కితే తేదీ, పూర్తిగా నొక్కితే వారం మారతాయి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము దాకా ఆ పని చెయ్యొద్దు. వాచీని చేతిలో పట్టుకుని నెమ్మదిగా ఊపి నడిపించి, పై బటన్ నొక్కండి. పెద్ద ముల్లు బయల్దేరాలి. మళ్లీ నొక్కితే ఆగాలి. కింది బటన్‌కు ఒక్క దెబ్బలో 12 మీదికి వచ్చి నిలబడాలి. 6 దగ్గరి చిన్న గడియారం 30 నిమిషాలు లెక్కపెడుతుంది, అదీ మొదటికి రావాలి. ముల్లు 12కు కొంచెం పక్కన ఆగితే కంగారు పడొద్దు, మంచి పనివాడు సరిచేస్తాడు.

ఇంకో సంగతి. ఈ వాచీలో మామూలుగా తిరిగే సెకన్ల ముల్లు లేదు. అందుకని చాలామంది స్టాప్‌వాచీ ముల్లునే రోజంతా నడిపించేవారు, మీ మావయ్యగారూ అలాగే చేసి ఉంటారు. స్టాప్‌వాచీని మెషిన్‌కు కలిపే క్లచ్ ఇందులో నిలువుగా పట్టుకునే రకం, ముల్లు నడుస్తున్నా వాచీ నడక పెద్దగా దెబ్బతినదు. కనక ఆయన పాడుచేశారని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

సర్వీసింగు తప్పదు. ఇచ్చేటప్పుడు నాలా ‘బాగా చెయ్యండి’ అనకండి. మెషిన్ విప్పి కడిగి నూనె వెయ్యమనండి. కేస్ రుద్దొద్దు, డయల్ తుడవను కూడా తుడవొద్దు, ముళ్లకు చీకట్లో వెలిగే పూత కొత్తగా పుయ్యొద్దు అని కాగితం మీద రాసివ్వండి. తీసేసిన పాత భాగాలు ఏవైనా సరే పొట్లం కట్టి వెనక్కి ఇమ్మనండి. ముళ్లలోని పూత, డయల్ మీది పూత రెండూ ఒకే వయసులో, ఒకే తీరుగా మాగి ఉంటే అది దాచుకోవాల్సిన సాక్ష్యం. గ్లాసు మాత్రం మార్పించుకోండి, నాకు అభ్యంతరం లేదు. పాత గ్లాసు పొట్లంలో వేయించండి. బెజెల్ జోలికి వెళ్లొద్దు. కొత్త బెజెల్ డబ్బిస్తే దొరుకుతుంది, ఎండకూ ఉప్పుకూ వెలిసిన గులాబీ రంగు ఏ షాపులోనూ దొరకదు. తర్వాత నీళ్లకు దూరంగా ఉంచండి. డెబ్బై మీటర్ల మాట ఆ కాలంలో కొత్త వాచీకి. యాభై ఏళ్ల రబ్బరు వాషర్‌కు చేతులు కడుక్కునే పంపు కూడా ప్రమాదమే.

ఆ వ్యాపారి వాచీ లాంటివాటికి కలెక్టర్లలో ‘ముంబై స్పెషల్’ అనే పేరుంది. పాత మెషిన్, కొత్త పెయింటు, ఎక్కడివో ముళ్లు. చేతికి పెట్టుకుని తిరగడానికి చవగ్గా ఒకటి కొనుక్కుంటే నేరమేమీ కాదు. కానీ అది ‘అసలు’ ధరకు, అందులోనూ ఇంటి వాచీని వదులుకుని కొనేది కాదు.

పక్కన పెట్టి పోల్చుకోవడానికి రెండోది కొనాలనిపిస్తే తొందరపడకుండా ఇదే 6139 నీలం డయల్‌లో, గీతలు పడ్డదైనా సరే, భాగాలన్నీ ఒక కాలానికి చెందినది వెతకండి. ఒకే కుటుంబంలో రెండు చేతిలో ఉంటే కన్ను త్వరగా తేరుతుంది. ఆ తర్వాత 6138 వైపు వెళ్లొచ్చు. అందులో చిన్న గడియారాలు రెండు, 12 గంటల దాకా లెక్కపెడుతుంది, కీ ఇస్తే ఎక్కుతుంది కూడా. దాని రకాలు చెప్పడం మొదలుపెడితే ఇవాళ్టితో అవదు.

వీలుంటే నౌపడా మీదుగా రైలెక్కి ఒకరోజు బరంపురం రండి, ఇద్దరం కలిసి మూత విప్పిద్దాం. వచ్చే ముందు అత్తయ్యగారినడిగి మావయ్యగారి ట్రంకుపెట్టె అడుగు దాకా వెతకండి. ఓడల్లో తిరిగినవాళ్లు కస్టమ్స్ భయంతో ప్రతి చీటీ దాచేవారు. సింగపూర్ షాపు బిల్లు గానీ, సీకో గ్యారంటీ కాగితం గానీ దొరికితే, దానిమీద రాసిన నంబరులో కూడా ఆ ‘డి’ ఉందేమో చూసి నాకు రాయండి.